మెకార్మిక్ గుర్రపు కోతమిషను: మిషను సంగతి, అమ్మకం సంగతి

ముందు 1850ల మొదట్లో అమెరికాలోని ఇల్లినాయ్ రైతు సంతకం పెట్టిన ఆర్డరు కాగితం చూడాలి. మిషను ధర 120 డాలర్లు. ముందుగా 30 కట్టాలి. మిగతా 90 డిసెంబరు 1న, ఏడాదికి నూటికి ఆరు వడ్డీతో. మొత్తం రొక్కంగా కడితే 115. షికాగో నుంచి రవాణా ఖర్చు రైతుదే. కంపెనీ తన వైపు నుంచి రాసిచ్చిన మాటలు ఇవి: గంటకు ఎకరంన్నర కోస్తుంది, చేతికోతలో రాలిపోయే గోధుమల్లో కనీసం ముప్పాతిక వంతు దక్కిస్తుంది, మనిషి మిషను మీద కూర్చునే కోసిన పంటను కిందికి లాగెయ్యొచ్చు, సరుకు గట్టిది, జాగ్రత్తగా వాడితే మన్నుతుంది. కోతల్లో సరిగ్గా వాడి చూశాక కూడా ఈ మాటలు నిలబడకపోతే మిషను వెనక్కిచ్చి 30 డాలర్లూ తీసుకోవచ్చు.

సైరస్ మెకార్మిక్ కంపెనీ అమ్మిన వాటన్నిటిలో నా దృష్టిలో అన్నిటికంటే మంచి సరుకు ఈ కాగితమే. మిషను అప్పటికి మధ్యరకం. అదే కాలంలో దానికి దీటైన మిషన్లు ఉన్నాయి, కొన్ని పనుల్లో దానికంటే మెరుగైనవీ ఉన్నాయి. అయినా రైతు దీన్నే కొన్నాడంటే కారణం ఇనుములోనో కర్రలోనో వెతికితే దొరకదు. బేరమాడనక్కర్లేని ఒకటే ధర, రాతలో ఉన్న గ్యారంటీ, పంట చేతికొచ్చాక కట్టే వాయిదా, పక్క ఊళ్లో ఉండే ఏజెంటు, అతని కొట్లో విడి భాగాలు. ఈ ఐదూ కలిపి కొన్నాడు. ఆ లెక్కన మిషనునూ అమ్మకాన్నీ విడివిడిగా తూచాలి.

గోధుమ పండాక రైతు చేతిలో ఉండేది పది రోజులు, మహా అయితే రెండు వారాలు. దాటితే గింజ నేలపాలు. నవంబరులో తుపాను హెచ్చరిక విని కోతమిషను కోసం పరుగులు తీసే గోదావరి జిల్లాల రైతుకు ఈ హడావుడి విడమరచి చెప్పనక్కర్లేదు. మామూలు కొడవలితో ఒక మనిషి రోజుకు ఎకరం కూడా కోయలేడు. పొడుగు కొడవలికి కర్రవేళ్లు బిగించిన క్రేడిల్‌తో చెయ్యి తిరిగినవాడు రోజుకు రెండు, మూడు ఎకరాలు కోస్తాడు. ఇల్లినాయ్ మైదానాల్లో నేలకు కొదవలేదు, కూలీలకే కరువు. దున్ని విత్తడం ఎంతైనా విత్తొచ్చు, కోయగలిగినంతే దక్కుతుంది. రైతును ఆపుతున్న ముడి అక్కడుంది. మెకార్మిక్ ప్రకటనలు పట్టుకున్నదీ దాన్నే.

ఇక మిషను. ఒక్క దంటును వెంబడించి చూస్తే దాని పనితనం తెలుస్తుంది. గుర్రాలు ముందు నడుస్తాయి. వాటి దారిలో కాకుండా పక్కగా కోతపట్టీ చేలోకి చొచ్చుకుపోతుంది. చివర ఉన్న కర్రముక్కు కోయాల్సిన పంటను నిలబడాల్సిన పంట నుంచి పాయ తీస్తుంది. పైన గిర్రున తిరిగే కర్రరెక్కల చట్రం, అంటే రీలు, ఆ దంటును వెనక్కి వంచుతుంది. కింద ఇనప వేళ్లు వరసగా పొడుచుకుని ఉంటాయి, దంటు రెండు వేళ్ల సందులో ఇరుక్కుంటుంది. రంపంలా గాట్లు పెట్టిన బ్లేడు ఆ వేళ్ల మీదుగా అటూ ఇటూ ఆడుతూ దాన్ని తెంపుతుంది. తెగిన దంటు రీలు తోపుకి వెనకున్న చెక్కబల్ల మీద పడుతుంది. ఒక పనకు సరిపడా పోగయ్యాక మనిషి పంగలకర్రతో దాన్ని పక్కకు లాగి నేల మీద పెడతాడు. ఈ కదలికలన్నిటికీ శక్తి ఒక్క పెద్ద చక్రానిదే. అది నేలను పట్టుకుని తిరుగుతుంటే పళ్లచక్రాలు ఆ వేగాన్ని పెంచి క్రాంకుకు, అంటే వంపు తిరిగిన ఇరుసుకు, ఇస్తాయి, క్రాంకు నుంచి పిట్‌మన్ కర్ర బ్లేడును ఆడిస్తుంది. గుర్రం ఆగితే బ్లేడూ ఆగుతుంది. కొనేవాడు మొట్టమొదట బుర్రకెక్కించుకోవలసిన విషయం ఇది.

గ్యారంటీలో రాసిన ఎకరంన్నర నిజమేనా? లెక్క కడదాం. కోత వెడల్పు 5 అడుగులు అనుకుందాం. గుర్రాలు గంటకు రెండున్నర మైళ్ల చొప్పున నడిస్తే 13,200 అడుగులు. దాన్ని 5తో గుణిస్తే 66,000 చదరపు అడుగులు. ఎకరానికి 43,560 కాబట్టి ఎకరంన్నర మీద ఒక పిసరు. మాట నిజమే, కానీ గంటలో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మూలల్లో తిప్పుకోవాలి, బ్లేడులో ఇరుక్కున్న గడ్డి పీకాలి, గుర్రాలకు ఊపిరి ఇవ్వాలి. గంటకు మూడు మైళ్లు నడిపిస్తే 1.8 ఎకరాలు వస్తాయి, ఈ ఆగుళ్లన్నీ పోను ఎకరంన్నర మిగులుతుంది. అంటే గ్యారంటీ అబద్ధం కాదు, కానీ చురుకైన జోడీ ఉన్నవాడికే అది అందుతుంది. ముసలి గుర్రాలు కట్టి కంపెనీని తప్పుపట్టి లాభం లేదు. వేగం తగ్గితే కోసే విస్తీర్ణం తగ్గడంతో ఆగదు. బ్లేడు ఆట కూడా మందగిస్తుంది, దంటు తెగడానికి బదులు వంగుతుంది, వేళ్ల సందుల్లో నలిగి మిషను బిగుసుకుపోతుంది. ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ నెమ్మది నడకే.

రోజుకు 10, 12 ఎకరాలు కోస్తుందన్నంత మాత్రాన కూలీల బెడద తీరిపోయిందనుకుంటే పొరపాటు. మిషను తీసేసింది కోసేవాళ్లను మాత్రమే. తోలేవాడొకడు, పంట లాగేవాడొకడు పోను, వెనక పనలు కట్టడానికి ఐదారుగురైనా కావాలి. కట్టిన వాటిని కుప్పలుగా నిలబెట్టడానికి ఇంకొకరిద్దరు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, ఇరుగుపొరుగు కలిసి కట్టేపని మోయగలిగిన కుటుంబానికి మిషను మొదటి ఏడే ఊరట. ఆ చేతులు లేనివాడికి సమస్య ఇవాళ్టి నుంచి రేపటికి జరిగిందంతే. ప్రకటనల్లో ఈ సంగతికి చోటు తక్కువ. నాకు ఇందులో లోటుగా కనిపించేది ఇదే.

ఇబ్బంది పెట్టే సంగతులు ఇంకొన్ని. పొద్దున్నే మంచు ఆరకముందు కోయకూడదు. తడి దంటు బ్లేడుకు జారుతుంది, బల్ల మీద అంటుకుంటుంది. అడుగున పచ్చగడ్డి, కలుపు ఒత్తుగా ఉన్న చేలో వేళ్లు కూరుకుపోతాయి. వర్షానికి నానిన నేలలో పెద్ద చక్రం పట్టు దొరక్క జారుతుంది, అది జారినంతసేపూ బ్లేడు ఆడదు. కోతపట్టీ ఒకే పక్కన ఉండడంతో బరువంతా అటు లాగుతుంది. ఆ పక్క గుర్రం మెడ ఒరుసుకుపోతుంది, మధ్యాహ్నం జోడీ మార్చకపోతే సాయంత్రానికి రెండూ పనికిరావు. గాలికి పడిపోయిన చేనుంటే పంట వాలిన దిక్కుకు ఎదురుగానో అడ్డంగానో తోలాలి. వాలిన దిక్కునే తోలితే వెన్నులు బ్లేడు కిందికి జారి మిగిలిపోతాయి. మరీ గజిబిజిగా పడితే రెండు పక్కలే కోసి, మిగతా రెండు పక్కలూ ఖాళీగా తిప్పుకురావాలి. సగం పని పోతుంది, గింజ దక్కుతుంది. చేను మొదలుపెట్టేటప్పుడు గట్టు వెంట ఒక బారు చేత్తో కోసి దారి చెయ్యాలి. లేదంటే గుర్రాలు నిలబడ్డ పంటను తొక్కుతాయి. పాత మోడళ్లలో బ్లేడు ఒకే పొడుగు పట్టీ, రాయి తగిలి ఒకచోట విరిగినా పట్టీ మొత్తం విప్పి కమ్మరి దగ్గరికి మోయాలి. తర్వాతి కాలపు మిషన్లలో మూడుమూలల చిన్న బ్లేడు ముక్కలు రివెట్లతో వరసగా బిగించారు. విరిగిన ముక్క రివెట్లు ఊడగొట్టి కొత్తది వేస్తే పావుగంట పని. ఏ మోడలు కొన్నా కోతపట్టీ ఎలా ఉందో ముందు చూసుకోవాలి.

ఆ మూడుమూలల బ్లేడు దారి చూపింది మెకార్మిక్ కాదు, అతని పోటీదారు ఓబెడ్ హస్సీ. హస్సీ పేటెంటు 1833 డిసెంబరుది, మెకార్మిక్ పేటెంటు 1834 జూనుది. హస్సీ మిషను కోత అంగం గట్టిది. 1847లో అతను పేటెంటు తీసుకున్న, వెనకవైపు తెరిచి ఉన్న వేళ్ల వల్ల గడ్డి కూరుకోవడం బాగా తగ్గింది. పచ్చగడ్డి కోతకు అతనిదే మేలు. కానీ దానికి రీలు లేదు, కోసిన పంటను సరిగ్గా మిషను వెనకే దింపుతుంది. అంటే మళ్లీ చుట్టు గుర్రాలు అదే దారిలో రావాలి కాబట్టి, ఆలోపు ఆ పనలన్నీ కట్టి పక్కకు తీసెయ్యాల్సిందే. కట్టేవాళ్లు ఒక్కరు వెనకబడినా మిషను నిలిచిపోతుంది. మెకార్మిక్ మిషను పంటను పక్కకు దింపుతుంది. కట్టేవాళ్లు ఉన్నా లేకున్నా మిషను ముందుకెళ్తుంది, సాయంత్రం కట్టుకోవచ్చు. గోధుమ రైతుకు ఈ తేడా చిన్నది కాదు. గోధుమే ప్రధానమైతే మెకార్మిక్, గడ్డి కోతా కావాలంటే హస్సీ. 1840ల చివర ఎవరైనా సలహా అడిగి ఉంటే చెప్పాల్సిన మాట అది.

మెకార్మిక్ మొదటి మిషను 1831లో వర్జీనియాలో, స్టీల్స్ టావెర్న్ అనే ఊరి దగ్గర ఓట్స్ ధాన్యపు చేలో తిరిగింది. తండ్రి రాబర్ట్ ఏళ్లపాటు కుస్తీ పట్టి వదిలేసిన పనిని కొడుకు అందుకున్నాడు. ఆ కుటుంబం బానిసగా ఉంచుకున్న జో ఆండర్సన్ కూడా ఆ మిషను తయారీలో చెయ్యి వేశాడు. కంపెనీ ప్రకటనలు పదేపదే చెప్పిన కథలో అతని పేరుకు చోటు దక్కలేదు. ఈ మిషను గురించి రాసేవాళ్లు ఆ పేరు రాసి తీరాలి.

1842లో 7, 1843లో 29, 1844లో 50. అమ్మకాలు అంతే. ఆ ఏళ్లలో జరిగిన పెద్ద తప్పు తయారీ హక్కులు ఇక్కడొకరికి, అక్కడొకరికి ఇచ్చెయ్యడం. కొన్ని చోట్ల నాసిరకం మిషన్లు తయారై, చెడ్డపేరు మాత్రం మెకార్మిక్ ఖాతాలో పడింది. 1847లో షికాగోలో సొంత కార్ఖానా పెట్టాక తయారీ ఒకే కప్పు కిందికి వచ్చింది. చోటు ఎంపిక కూడా అద్భుతం. గుట్టలూ మిట్టలూ ఉన్న వర్జీనియా పొలాల్లో రొప్పుతూ నడిచిన మిషను చదునైన మైదానంలో హాయిగా నడుస్తుంది. 1848లో మిషిగన్ సరస్సును ఇల్లినాయ్ నదితో కలిపే కాలువ తెరుచుకుంది, రైలు మొదలైంది. కొత్త గోధుమ నేలలు పక్కనే. షికాగో మేయరు పదవి చేసిన విలియం ఓగ్డెన్ 25,000 డాలర్లు పెట్టుబడి పెట్టి, 1849లో 50,000 తీసుకుని పక్కకు తప్పుకున్నాడు. 1856 నాటికి ఏడాదికి 4,000 మిషన్లు దాటాయి.

ఏజెంటు ఏర్పాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బుకు తగ్గ విలువ అందులోనే ఉంది. కంపెనీ ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఏజెంటును పెట్టింది. సాధారణంగా ఆ ఊరి దుకాణదారో, కమ్మరో, నలుగురిలో మాట చెల్లే రైతో. పోటీ కంపెనీల మిషన్లు అమ్మకూడదు. నమూనా మిషను కొట్టు ముందు నిలబెట్టాలి, చలికాలంలో ఇల్లిల్లూ తిరిగి ఆర్డర్లు పట్టాలి, వసంతంలో రైల్లోనో పడవలోనో విప్పి పంపిన భాగాలు దించుకుని రైతు ఇంటి దగ్గర బిగించి చూపాలి, కోతల్లో పిలిస్తే పొలానికి వెళ్లాలి, డిసెంబరులో డబ్బు వసూలు చెయ్యాలి. బ్లేడ్లు, వేళ్లు, పళ్లచక్రాలు, పిట్‌మన్ కర్రలు దగ్గర ఉంచుకోవాలి. నిన్న అమ్మినవాడే రేపు పొలంలో తిట్లు తినాలి, డిసెంబరులో అప్పు అడగడానికీ అతనే రావాలి. కాబట్టి నోటికొచ్చిన మాట చెప్పి అమ్మడం అతనికే నష్టం. అమ్మకం, మరమ్మతు, వసూలు ముగ్గురి చేతుల్లో కాకుండా ఒక్కడి మెడకే చుట్టడం చాలా తెలివైన ఏర్పాటు. ఇవాళ్టి యంత్రాల డీలర్ల దగ్గర ఇది కనపడదు.

ఆ ఏర్పాటు బలహీనత కూడా అక్కడే ఉంది. జిల్లాలో అందరి గోధుమా ఒకే వారంలో పండుతుంది, అందరి మిషన్లూ అదే వారంలో ఇబ్బంది పెడతాయి. ఏజెంటు మాత్రం ఒక్కడే. ఊరికి దూరంగా ఉన్న రైతు వంతు వచ్చేసరికి గింజ రాలిపోయి ఉంటుంది. మిషను కొన్నవాళ్లు రెండు బ్లేడ్లు, నాలుగైదు వేళ్లు, ఒక పిట్‌మన్ కర్ర కోతలకు ముందే కొని ఇంట్లో పెట్టుకోవడమే దీనికి మందు. 120 డాలర్ల మిషను మూలపడడానికి చాలాసార్లు చిన్న ఇనపముక్కే కారణం.

విడి భాగాల విషయంలో కంపెనీ మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. దాదాపు ముప్పై ఏళ్లు కార్ఖానా నడిపింది తమ్ముడు లియాండర్. పాత కమ్మరి పద్ధతిలో, ఆకురాయితో సరిచేసుకుంటూ బిగించే తీరు. పైగా ఏటేటా మోడలు మారేది. దాంతో ఈ ఏటి పళ్లచక్రం నాలుగేళ్ల కిందటి మిషనులో నేరుగా కూర్చుంటుందన్న హామీ లేదు. ఏజెంటు కొట్లో భాగం ఉన్నా, పొలంలో ఆకురాయి పట్టి అరగదీయాల్సి వచ్చేది. అమ్మకంలో అంత ముందుచూపు చూపిన కంపెనీ తయారీలో తుపాకుల కార్ఖానాల కంటే, కుట్టుమిషన్ల కార్ఖానాల కంటే వెనకబడింది. 1880లో లియాండర్‌ను తప్పించి, ఆ తరహా కార్ఖానాల అనుభవమున్న లూయిస్ విల్కిన్సన్‌ను తెచ్చాకే కొలతలు, అచ్చులు, గేజీలు దారికొచ్చాయి. ఆ తర్వాత ఉత్పత్తి ఎగబాకి 1884లో దాదాపు 55,000 మిషన్లకు చేరింది. పాత మిషను సెకండ్‌హ్యాండులో కొనేవాళ్లు 1880కి ముందుదా తర్వాతదా అని అడగడం అవసరం.

పొలం పోటీల గురించి. ఇద్దరు ముగ్గురు తయారీదారులు ఒకే చేలో మిషన్లు దించి, రైతులందరి ముందూ కోసి చూపేవాళ్లు. అచ్చువేసిన ప్రకటన కంటే నూరు రెట్లు నమ్మకమిచ్చే పద్ధతి. కానీ చూసే కన్ను ఉండాలి. ఎవరు ముందు ముగించారన్నది చివర చూడాల్సిన విషయం. కోశాక మొదళ్లు ఎంత ఎత్తున మిగిలాయి, ఎత్తు చేనంతా ఒకేలా ఉందా, నేల మీద వెన్నులు ఎన్ని, పనలు తిన్నగా పడ్డాయా చిందరవందరగానా, గుర్రాల చంకల్లో చెమట ఎక్కడ ఎక్కువ, మిషను ఎన్నిసార్లు వెనక్కి జరిపారు. ఇవీ చూడాల్సినవి. నిటారుగా, పొడిగా, కలుపు లేకుండా ఉన్న చేలో ఏ మిషనైనా బాగానే కోస్తుంది. పోటీలు ముదిరి మిషన్లను చెట్ల మీదికి తోలడం, రెంటినీ గొలుసుతో కట్టి ఎదురెదురుగా లాగించడం వరకూ వెళ్లాయని చెప్పుకుంటారు. అలాంటి ఆర్భాటం రైతుకు నేర్పేది ఏమీ లేదు.

1851 లండన్ ప్రదర్శన ఇందుకు మంచి ఉదాహరణ. క్రిస్టల్ ప్యాలెస్‌లో మెకార్మిక్ మిషనును చూసి టైమ్స్ పత్రిక ముందు ఎగతాళి చేసింది, సర్కసు రథానికీ తోపుడుబండికీ ఎగిరే యంత్రానికీ పుట్టిన బిడ్డలా ఉందని. జులైలో ఎసెక్స్‌లోని టిప్‌ట్రీలో, మెకీ అనే ఆయన పొలంలో, వానలో, పచ్చి గోధుమలో దాన్ని నడిపారు. అంత గడ్డు పరీక్షలోనూ అది కోసింది, హస్సీ మిషను బిగుసుకుపోయింది. పత్రికలు మాట మార్చాయి, మెకార్మిక్‌కు పెద్ద పతకం దక్కింది. కానీ టిప్‌ట్రీలో హస్సీ స్వయంగా లేడు, మిషను తెలియనివాళ్లు నడిపారు. ఆ సెప్టెంబరులో ఇంగ్లండ్ ఉత్తరాన క్లీవ్‌లండ్‌లో జరిగిన పోటీకి హస్సీ వచ్చాడు, అతని మిషనే గెలిచింది. ఒక్కరోజు పోటీ నడిపేవాడి చెయ్యిని కొలుస్తుంది, మిషనును సగమే కొలుస్తుంది. ప్రకటనల్లో మాత్రం టిప్‌ట్రీయే మిగిలింది. కొనేవాడు పోటీ ఫలితం కంటే తన జిల్లాలో రెండేళ్లుగా వాడుతున్న నలుగురిని అడగడం మేలు. మెకార్మిక్ ప్రకటనల్లో నేను మెచ్చుకునేదీ అదే. కొన్న రైతుల మెప్పుదల ఉత్తరాలు ఊరుపేర్లతో సహా వేసేవాళ్లు, అనుమానమున్నవాడు వెళ్లి కనుక్కోవచ్చు.

ధర విషయంలో రైతుకు మేలు జరిగింది మెకార్మిక్ దయవల్ల కాదు. 1834 పేటెంటును పొడిగించమని అతను పెట్టుకున్న దరఖాస్తును 1848లో తిరస్కరించారు. తర్వాతి మెరుగుదలల పేటెంట్ల మీద రాక్‌ఫర్డ్‌లోని మానీ కంపెనీపై దావా వేసి 1856లో ఓడిపోయాడు. మానీ పక్షాన పెట్టుకున్న వకీళ్లలో అబ్రహాం లింకన్ ఒకడు, అయితే సిన్సినాటి కోర్టులో అతనికి వాదించే అవకాశం రాలేదు. ఆ తీర్పుతో మార్కెట్టు తెరుచుకుంది. పోటీని పేటెంటుతో ఆపలేనప్పుడు వాయిదాలు, గ్యారంటీ, ఏజెంటే మిగిలిన ఆయుధాలు. రైతుకు మంచి సేవ దక్కడానికి ఆ ఓటమి కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అప్పు షరతులు న్యాయమైనవే. పంట అమ్మిన డబ్బు చేతిలోకి వచ్చే నెలకే వాయిదా పెట్టారు. పంట పోయిన ఏడు గడువు పెంచారు, కోర్టుకెక్కడం చివరి మాటగానే ఉంచుకున్నారు. అయితే అరువు, రాని బాకీ, ఏజెంటు కమీషను అన్నీ ధరలోనే కలిసి ఉంటాయి. 1870ల మొదట్లో గ్రేంజ్ అనే రైతు సంఘాల వాళ్లు ఈ మధ్యవర్తులు మాకెందుకు, కార్ఖానా ధరకు నేరుగా అమ్మండని పట్టుబట్టారు. అయోవా రాష్ట్రపు గ్రేంజ్ అయితే హార్వెస్టర్లు, అంటే కోతమిషన్లు, సొంతంగా తయారుచేయించింది, ఆ వ్యాపారం మునిగింది. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ కమీషను తీసేస్తే జులైలో పొలానికి వచ్చే మనిషి కూడా పోతాడు.

మరి ఎవరు కొనాలి? ఆర్థిక చరిత్రకారులు వేసిన ఒక లెక్క ప్రకారం 1850ల మొదట్లో మిషను గిట్టాలంటే సుమారు 46 ఎకరాల గోధుమ, ఓట్స్ వంటి పంట ఉండాలి. అప్పటి చాలామందికి అంత ఉండేది కాదు. ఇరవై ఎకరాలవాడు ఒంటరిగా కొంటే డబ్బు దండగ. ఇద్దరు ముగ్గురు కలిసి కొన్నా, కొన్నవాడు తన కోత అయ్యాక పక్కవాళ్లకు ఎకరానికింత అని కోసిపెట్టినా లెక్క కుదురుతుంది, నిజంగా జరిగింది కూడా చాలాచోట్ల అదే. గంటల లెక్కన కోతమిషను కిరాయికి తెచ్చుకునే మన రైతుకు ఇది తెలిసిన దారే.

తర్వాతి మోడళ్ల గురించి క్లుప్తంగా. పంటను తనే లాగి దింపే మిషన్లు లాగే మనిషిని తగ్గించాయి. మార్ష్ సోదరులు 1858లో పేటెంటు తీసుకున్న హార్వెస్టరులో ఇద్దరు మనుషులు మిషను మీదే నిలబడి పనలు కట్టేవాళ్లు, నేల మీద వంగి కట్టే బాధ తప్పింది. 1870ల మధ్యలో మెకార్మిక్ తెచ్చిన తీగ బైండరు, విథింగ్టన్ రూపకల్పన, కట్టేపనిని మిషనుకే అప్పగించింది. పనితనం బాగుంది, కానీ ఇది కొనమని చెప్పను. తెంపిన తీగముక్కలు గడ్డిలో కలిసి పశువుల కడుపులోకి పోతాయి, గింజల్లో కలిసి పిండిమరలను పాడుచేస్తాయి. మరలవాళ్లు ఆ గోధుమ కొనడానికే వెనకాడారు. ఆపిల్‌బీ కనిపెట్టిన ముడివేసే యంత్రంతో నార పురికొస వాడే బైండరును పోటీ తయారీదారు డీరింగ్ 1880లో 3,000 దాకా అమ్మాడు. మెకార్మిక్ 1881లో అదే దారికొచ్చాడు. అమ్మకంలో ఎప్పుడూ ముందున్న కంపెనీ ఈ ఒక్క మలుపులో పోటీదారు వెనక నడిచింది. పురికొస బైండరు ఏ కంపెనీదైనా కొనొచ్చు. పురికొస మాత్రం మందం ఒకేలా ఉన్నదే కొనాలి. ముడులున్నది, అక్కడక్కడ సన్నబడినది ముడియంత్రం ముక్కులో తట్టుకుని తెగుతుంది, కట్టని పనలు వరసగా నేల మీద పడుతుంటే పది గజాలు పోయేదాకా తోలేవాడికి తెలియదు.

1902లో మెకార్మిక్, డీరింగ్, మరికొన్ని కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి. అదే కంపెనీతో 1963లో మహీంద్రా కలిసి మన దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది, బి-275తో. మహీంద్రా ట్రాక్టర్లు ఇప్పుడు తెలంగాణలో జహీరాబాద్‌లోనూ తయారవుతున్నాయి. అక్కడి నుంచైనా, ఇంకెక్కడి నుంచైనా యంత్రం బుక్ చేసే ముందు ఆ పాత ఆర్డరు కాగితంలోని ఒక్క వాక్యం కోసం వెతకండి: గంటకు ఇంత పని చేస్తుంది, చేయకపోతే వెనక్కి తీసుకుంటాం. ఆ వాక్యం లేకపోతే డీలరు చేత రాయించుకోండి. ఆయన రాయనంటే, దగ్గర్లో ఎవరి షాపులో కోతపట్టీ ముక్కలు, బేరింగులు, బెల్టులు ఇవాళ స్టాకులో ఉన్నాయో చూసి అక్కడికి వెళ్లండి.